పేలని ఫిరంగి

పోయిన నెల అమ్మ ఇండియా నుంచి వచ్చింది. మా ఇంటికి ఎవరొచ్చినా నేను ముందు తీసుకెళ్లేది నార్త్ హెడ్‌కే. ఆక్లాండ్ రేవులో ఫెర్రీ ఎక్కి డెవన్‌పోర్ట్‌లో దిగి కాస్త నడిస్తే చాలు. మావోరీలు మౌంగాఉయికా అని పిలిచే పాత అగ్నిపర్వతం అది. కొండ నిండా సొరంగాలు. దక్షిణం వైపు గుంతలో ఒక పెద్ద ఫిరంగి.

"ఇది ఎన్ని ఓడల్ని ముంచిందే?" అంది అమ్మ.

"ఒక్కటీ లేదమ్మా."

1885లో అఫ్గానిస్తాన్ సరిహద్దు దగ్గర రష్యాకీ బ్రిటన్‌కీ గొడవ ముదిరింది. రష్యా ఓడలు ఇంత దూరం వచ్చి మీద పడతాయని ఇక్కడివాళ్లు హడలిపోయారు. ఆ భయంతోనే ఈ కొండమీద కోట మొదలైంది. తర్వాత ఏళ్ల తరబడి ఖైదీల చేత సొరంగాలు కట్టించారు.

ఈ ఫిరంగి గొట్టం లోపలి వెడల్పు 8 అంగుళాలు. పేల్చగానే వెనక్కి తన్నే ఊపుకి అదే గుంతలోకి దిగిపోతుంది. దిగేటప్పుడు లోపలి గాలి బాగా నొక్కుకుపోతుంది. కింద చాటుగా మళ్లీ గుండు కూరాక, ఆ గాలే దాన్ని పైకి లేపుతుంది. శత్రువుకి కనిపించేది ఆ కొద్దిసేపే. ఎప్పుడో చదివిన ఫిజిక్స్ ఇలా అమ్మకి చెబుతుంటే నాకే హుషారొచ్చింది.

రష్యా రాలేదు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ సైనికులు ఈ కొండమీద కాపలా కాశారు. శత్రువు ఓడ మీద ఒక్క గుండూ పేల్చాల్సిన అవసరం రాలేదు.

"అయితే ఇదంతా దండగేనా?" అంది అమ్మ. పొద్దున టీ తాగుతూ కూడా అదే గొంతుతో అడిగింది, "బీఎస్సీ చదివి రోజంతా ఇంట్లో ఏం చేస్తావే?" అని. అప్పుడు జవాబు తోచక గిన్నెలు తోముకుంటూ ఊరుకున్నాను.

ఇప్పుడు అమ్మమ్మ గుర్తొచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులేసినప్పుడు ఆవిడకి ఎనిమిదేళ్లు. ఎడ్లబండి మీద పల్లెకి తీసుకుపోయారట. పెద్దయ్యాక కూడా విమానం చప్పుడు వినిపిస్తే గుమ్మంలోకొచ్చి ఆకాశంకేసి చూసేది.

"అమ్మమ్మనడిగితే దండగ అనేది కాదమ్మా," అన్నాను. "రాని ఓడ కోసం కాపలా కాసినవాళ్ల పని ఎవరికి కనిపిస్తుంది? మావాడికి జ్వరం ముదరలేదు, బిల్లు గడువు దాటలేదు, ఆకలితో ఎవరూ పడుకోలేదు. నా పనీ అంతే."

అమ్మ ఏమీ అనలేదు. కింద గడ్డివాలు మీద పిల్లలు అట్టముక్కల మీద కూర్చుని జారుతున్నారు. మావాడూ వాళ్లలో ఉన్నాడు.

"పడతాడేమో చూడవే," అంది కాసేపటికి.

"చూస్తూనే ఉన్నానమ్మా," అన్నాను.