శబ్ద పరిష్కరణ

మానవ నిర్మితమైన ప్రతి వస్తువులోనూ ఏదో ఒక కొరత ఉంటుంది. ఆ కొరతను గుర్తించినవాడు దానిని సరిదిద్దగలడా, లేదా అన్నదే ఆలోచింపవలసిన విషయం.

పద్యనాటక రంగంలో జీవితమంతా గడిపిన ఒక వృద్ధ నటుని పద్యపఠనాన్ని భద్రపరచాలని కొన్నేళ్ల క్రితం సంకల్పించాను. మైకును కంప్యూటరుతో కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పరికరాన్ని కొన్నాను. గొంతు స్వచ్ఛంగానే పలికింది. కాని నిమిషానికి ఒకటి రెండుసార్లు చిటుక్కుమనే శబ్దం ఆయన ఆలాపనను ఖండించేది.

కంప్యూటరు ధ్వనిని ఏకధారగా గ్రహించదు. ఆ పరికరం సెకనుకు 48,000 నమూనాలు తీసి, గుత్తులుగా కూర్చి పంపుతుంది. ఆ గుత్తులు నిలిచే చోటు బఫర్. పరికరానికీ కంప్యూటరుకూ నడుమ దుబాసి వంటిది డ్రైవర్. దుబాసి తడబడి ఒక గుత్తి వేళకు అందకపోతే అక్కడ ధ్వని తెగుతుంది. బఫర్‌ను 256 నమూనాల నుండి 1,024కు పెంచాను. చిటపటలు తగ్గాయి. అయితే ఒక్కొక్క గుత్తి నిండే కాలం సుమారు 5 మిల్లీసెకన్ల నుండి 21కి పెరిగింది. రాకపోకలు రెండూ కలిసేసరికి ఇయర్‌ఫోన్లలో ఆయన గొంతు ఆయనకే ఆలస్యంగా వినిపించి, లయ చెదిరింది. గొంతును కంప్యూటరు దాకా పోనీయక నేరుగా వినిపించే సదుపాయం ఉంటే ఈ చిక్కు తీరేది. అది తరువాతి అప్‌డేట్‌లో వస్తుందని తయారీదారులు తెలిపారు. రెండేళ్లు లేఖలు వ్రాశాను. పరిశీలనలో ఉన్నదన్న సమాధానమే వచ్చింది. ఈలోగా ఆ నటుని గొంతు వణకడం మొదలైంది.

ప్రాచీన సాహిత్యం చదివినవారికి ఇటువంటి చిక్కు కొత్త కాదు. తాళపత్ర ప్రతులలో లేఖకుల పొరపాట్లు అసంఖ్యాకం. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ కావ్యాల ప్రతులు సేకరించి, పండితులచేత సరిపోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించాడు. తప్పు కంటికి కనబడేది కనుక చదువగలిగినవాడు దానిని దిద్దగలిగాడు. నా పరికరపు డ్రైవర్ లోపలి వ్రాత మాత్రం తయారీదారునికి తప్ప అన్యులకు కనబడదు. లోపాన్ని వినేవాడొకడు, దిద్దే అధికారం మరొకనిది.

దీనికి ప్రత్యామ్నాయం లేకపోలేదు. యూఎస్‌బీ ఆడియో క్లాస్ అనే ఉమ్మడి ప్రమాణాన్ని పాటించే పరికరాలు సాధారణంగా తయారీదారుని ప్రత్యేక డ్రైవర్ లేకుండానే పనిచేస్తాయి. 2003లో విడుదలైన లినక్స్ 2.6 కెర్నల్‌లో భాగమైన ఆల్సా అనే శబ్దవ్యవస్థ మూలరచన అందరికీ అందుబాటులో ఉంది. నేర్పున్నవారెవరైనా దానిని చదివి పరిష్కరింపవచ్చు.

నేను ఇక వేచి ఉండక, కంప్యూటరు అవసరం లేని చేతి రికార్డరుతో మిగిలిన పద్యాలను నిక్షిప్తం చేశాను. చిటపటలు పడిన తొలి పద్యాలను ఆయన మళ్లీ పాడలేకపోయారు. వాటిని యథాతథంగా ఉంచి, ధ్వని ఎక్కడెక్కడ తెగిందో వ్రాసిపెట్టాను. ఆకు శిథిలమైనచోట గ్రంథపాతమని సూచించడం నిజాయితీ గల పరిష్కర్త లక్షణం.

విద్యార్థులారా! ఏ పరికరం కొన్నా, రాబోయే సదుపాయాలను లెక్కలోనికి తీసుకోకండి. నేడు పనిచేసేవాటినే చూడండి. అప్‌డేట్ ఆలస్యంగానైనా రావచ్చు. వృద్ధుని గొంతు అంతవరకు ఆగదు.