చుక్కి చెవులు

సెప్టెంబరు 5, 2025, శుక్రవారం

నిమజ్జనం ఊరేగింపు మా వాడకట్టుకు రాంగనే పటాకుల లడీ ముట్టిచ్చిండ్రు. మా కుక్క చుక్కి గొలుసు తెంపుకొని ఉరికింది. రాత్రి పన్నెండు దాకా టార్చిలైటు పట్టుకొని పెగడపల్లి అంతా తిరిగినం. చివరికి మక్క చేను పక్క తూముల దొరికింది, ముడుచుకొని. మెడ చుట్టూ తోలు ఒరుసుకపోయి ఎర్రగ ఉన్నది. వాకిట్ల కట్టేసింది నేనే. ఉరికి దాక్కునే దారి కూడా లేకుండ చేసిన.

సెప్టెంబరు 7

ఎందుకింత భయమని అడిగితే బాపు చెప్పిండు: “అది పిల్లప్పుడు మన చేన్ల కాడనే ఉన్నది గద బిడ్డా. అడివి పందులొస్తున్నయని రాత్రంత బాంబులేసేటోళ్లం.” మూడో వారం నుంచి దాదాపు పద్నాలుగో వారం దాకా కుక్కపిల్ల లోకాన్ని నేర్చుకునే వయసు. మేం పంట కాపాడుకుంటున్నం అనుకున్న రాత్రులు అవి. పక్కన మంచె కింద ఇది ఏం నేర్చుకుంటున్నదో ఎవ్వలం చూడలే.

సెప్టెంబరు 10

పశువుల దవాఖానకు తీసుకపోయిన. మన చెవి 20,000 హెర్ట్జ్ కాడ ఆగిపోతది, కుక్కకు 45,000 దాకా వినపడతదని డాక్టర్ సారు చెప్పిండు. తప్పనిసరైతే చప్పుడు మొదలుగాక ముందే ఇచ్చే మందులున్నయట, బరువు చూసి రాస్తరట. మనం ఏసుకునే నిద్రగోలీలు మాత్రం ముట్టుకోవద్దన్నడు. వెనుకట బాగ వాడిన ఎసిప్రొమజైన్ గోలీ సంగతి వింటుంటే కడుపుల దేవినట్టయింది. అదొక్కటే ఇస్తే ఒళ్లు వాలిపోతది గని లోపలి భయం అట్లనే ఉంటదట. చూసేటోళ్లకు కుక్క పండుకున్నట్టే కనిపిస్తది.

సెప్టెంబరు 21, ఎంగిలిపూల బతుకమ్మ

చుక్కికి చప్పుడు అలవాటు చేసుడు మొదలువెట్టి పది రోజులైంది. ఫోన్ల పటాకుల చప్పుడు, ఇనపడీ ఇనపడనంత. వెంటనే ఉడికించిన కోడి కార్జం ముక్క. చప్పుడు, ముక్క. చప్పుడు, ముక్క. ఇయ్యాల ఒక్క గీత పెంచిన. చెవులు ఎనుకకు పోయినయంటే, ఉత్తగ మూతి నాక్కున్నదంటే, నిద్ర రాకున్నా ఆవులిచ్చిందంటే నేను తొందరపడ్డట్టే. మళ్ల తగ్గిస్త. ఫోన్ల చప్పుడుకు నేల అదరదు, పటాకుల మందు వాసన రాదు. ఇది సగం పనే, నాకు ఎరుకనే.

అక్టోబరు 12

ఎదురింటి పెద్దవ్వ: “దాన్ని ఒళ్లె పెట్టుకోకే, ఇంకింత భయపడతది.” చాలామంది ఇదే మాట అంటరు. నేను ఒప్పుకోను. కూసోమంటే కూసున్నందుకు ముక్క పెడితే మళ్ల కూసుంటది, నిజమే. భయం అట్ల కావాలని చేసే పని కాదు. ఉరుములకు ఏడ్చే పిల్లను ఒళ్లెకు తీసుకున్న తల్లి ఆ పిల్లకు ఏడుపు నేర్పినట్టా? దగ్గరికొస్తే చెయ్యి వేస్త. దాక్కుంటే బయటికి గుంజను.

అక్టోబరు 19

నడిమి అర్ర తయారు. కిటికీకి బాపు గొంగడి. మంచం కింద నా పాత చీర. ఎండకాలం పోయి నెలలైనా కూలర్ లోపలికి తెచ్చిన, నీళ్లు పోయకుండ. దాని హోరుల బయటి చప్పుడు కొంత మునుగుతది. మెడపట్టీ మీద ఫోన్ నంబరు రాసిన.

వాడకట్టు పోరగాళ్లతోని మాట్లాడిన. దీపావళికి రాత్రి 8 నుంచి 10 దాకనే కాల్చాలని 2018ల సుప్రీంకోర్టు చెప్పిందంటే, “గవన్ని మనూర్ల ఎవ్వలు చూస్తరక్కా” అన్నడు ఒకడు. చుక్కి మెడ చూపిచ్చిన. వాడు వంగి, మచ్చ పడ్డ కాడ ఏలుతోని ముట్టుకున్నడు. కొంచెంసేపు ఏం మాట్లాడలే. “సుతిల్ బాంబులు బడి కాడికి కొంటవోతం. ఇంటి ముందట చిచ్చుబుడ్లే.”

అక్టోబరు 20, దీపావళి

పొద్దుగూకక ముందే తిప్పుకొచ్చి తిండి పెట్టిన. ఏడింటికి మొదటి బాంబు. బడి దిక్కు నుంచే వచ్చింది, పోరగాడు మాట నిలబెట్టుకున్నడు. అయినా చుక్కి మంచం కిందికి పోయింది. నేను నేల మీద పండుకొని చెయ్యి లోపలికి చాపిన. షాబాదు బండ మీద దాని తడి అడుగులు, ఒక్కదాని చుట్టూ నాలుగు చుక్కలు. కుక్కకు చెమట పట్టేది పాదాల కిందనే. చప్పుడు చప్పుడుకు పక్కటెముకలు నా అరచేతి కింద దడదడ. కార్జం మూతి కాడ పెడితే వాసన చూసింది, ముట్టలే.

నేపాల్‌ల ఇయ్యాల్నే కుకుర్ తిహార్. కుక్కలకు బంతిపూల దండ ఏసి, బొట్టు పెట్టి మొక్కుతరు. మా లక్ష్మీపూజ బంతిపూలు తలాపున ఉన్నయి.

తొమ్మిది దాటినంక నా ఏలు తడిగ తగిలింది. కార్జం ముక్క లేదు. ఇంకోటి పెట్టిన, అదీ తిన్నది. బయట పేలుతనే ఉన్నయి. పోయిన దీపావళికి తెల్లారేదాక నీళ్లు కూడా తాగలే ఇది. ఏడుపాగలేదు నాకు.

అక్టోబరు 21

పొద్దున బయటికొచ్చింది. వాకిట్ల ఎర్ర కాయితం ముక్కలు. ఒక్కదాన్ని తొక్కకుండ గోడ పొంటి పోయి బాపు కాళ్ల కాడ కూసున్నది.

వచ్చే నెల ఎనుకింట్ల పెండ్లి. బరాత్ ఉంటదట. సాయంత్రం ఫోన్ తీసిన, మళ్ల మొదటి గీత నుంచే. కార్జం కోస్తుంటే కత్తి చప్పుడుకు చుక్కి లేచి వచ్చింది.