పేరు అడగని ఆట

ముస్లింల బాల్యం గురించి రాయమంటే అందరూ షీర్ ఖుర్మా, అత్తరు, పతంగులే రాయమంటారు. మా బాల్యంలో బ్రిక్ గేమ్ కూడా ఉంది. అది మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

1990ల నడుమ రంజాన్ చలికాలంలో వచ్చేది. ఈద్ నాడు చాచాలూ ఖాలాలూ చేతిలో పెట్టిన ఈదీని అన్నదమ్ములం కలేసుకుని చార్మినార్ దగ్గరి ఫుట్‌పాత్ మీద దాన్ని కొన్నాం. డబ్బా మీద '9999 ఇన్ 1' అని ఉండేది. లోపలున్నవి కొన్ని ఆటలే. వేగం మార్చి, లెవెల్ మార్చి లెక్క పెంచారు. రెండు పెన్సిల్ సెల్లు వేస్తే చాలు, అడ్డం 10, నిలువు 20 గళ్లలో పైనుంచి ఇటుకలు రాలేవి. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ తయారు చేసిన టెట్రిస్‌కి అది చవక నకలని ఎప్పటికో తెలిసింది. రోజా ఉండి ఆడుతుంటే "తస్బీ తిప్పాల్సిన వేళ్లురా అవి" అని అమ్మీ కసిరేది.

ఎందుకంత ప్రేమ దాని మీద? మైదానంలో క్రికెట్ జట్లు పంచేటప్పుడే "మీరు పాకిస్తాన్" అనేవాళ్లు. ఓడితే నవ్వులు, గెలిస్తే అనుమానం. ఈ డబ్బాకి మా పేరుతో పనిలేదు. వరస నిండితే చెరిపేది, నిండకుంటే ఓడించేది. అందరికీ ఒకటే రూలు.

తర్వాత నోకియా వచ్చింది. 1997 నాటి 6110లో స్నేక్ గోడకి తగిలితే చచ్చేది. 2000లో వచ్చిన 3310లో గోడలోకి దూరి అటు పక్కన తేలేది. ఇంట్లో దాన్ని సాంప్ అన్నాం, బయట పాము అన్నాం. రెండు భాషల్లో బతికే మాకు అదేం కష్టం కాదు.

2007 మే 18, జుమ్మా నాడు హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకెళ్లినవాళ్లు చనిపోయారు. పట్టుకెళ్లింది కూడా మా పిల్లల్నే. ఆ కేసులు కోర్టులో నిలబడలేదు. కానీ అప్పట్నుంచి మా ఇళ్లల్లో ఫోను ఆటవస్తువు కాకుండా పోయింది. అందులో ఎవరి నంబర్లున్నాయి, సిమ్ము ఎవరి పేరున ఉంది అని కొడుకుల్ని ముందు తల్లులే నిలదీశారు.

ఇవాళ పాత నోకియాల్ని తలచుకుని, ఆ రోజులు ఎంత సాదాగా ఉండేవోనని అందరూ నిట్టూరుస్తున్నారు. మాకెన్నడూ సాదాగా లేవు. 1992 డిసెంబర్ తర్వాత పెరిగిన పిల్లలం మేం. మేం తలచుకునేది అరచేతిలో ఇమిడే ఆ చిన్న తెరని. పేరు అడక్కుండా మమ్మల్ని ఆడనిచ్చిన జాగా అది. ఆపాటి జాగా గల్లీలోనూ, మైదానంలోనూ ఉండాలంటున్నాం. అంతే.