కోరంగి మడల్లో పీతల పెత్తనం

కాకినాడలో యానాం బస్సెక్కి చొల్లంగి దాటగానే ఎడమచేతి కిటికీలోంచి వచ్చే గాలి మారుతుంది. ఉప్పు, బురద, కుళ్లిన ఆకు కలిసిన వాసన అది. పుష్య అమావాస్య స్నానానికి చొల్లంగి వచ్చే జనానికి ఆ వాసన తెలుసు, అడవి లోపలికి వెళ్లి చూసేవాళ్లే తక్కువ. తాళ్లరేవు మండలం కోరంగిలో దిగితే అటవీశాఖ గేటు, టికెట్టు కిటికీ, వాటి వెనక మడ అడవి. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ ప్రాంతం విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. సుందర్బన్స్ తర్వాత మడలంటే మావేనని ఇక్కడివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. గుజరాత్ వాళ్లు వింటే ఊరుకోరు, రాష్ట్రాలవారీ లెక్క తీస్తే వాళ్ల మాటే నెగ్గుతుంది కూడా.

ఊరి చరిత్ర నాలుగు ముక్కల్లో తేలిపోతుంది. ఓడలు కట్టిన రేవు ఇది. ఇక్కడ ఓడెక్కి బర్మా వెళ్లిన తెలుగువాళ్లకు, వాళ్లది ఏ జిల్లా అయినా సరే, అక్కడ 'కోరంగీలు' అన్న పేరు పడింది. 1789లో ఒకసారి, 1839లో మరోసారి ఉప్పెన ఊరిని ముంచింది. గోదావరి ఒండ్రు రేవును పూడ్చేసింది, వ్యాపారం కాకినాడకు తరలిపోయింది. ఓడలకు అడ్డుపడిన ఆ ఒండ్రే మడకు నేల.

ఈ నేల మీదికి రోజుకు రెండుసార్లు పోటు ఎక్కుతుంది, రెండుసార్లు తీస్తుంది. మెత్తటి బురదలో కాస్త లోతుకు వెళ్తే చాలు, గాలి ఆడదు. అందుకని మడ చెట్టు కొన్ని వేళ్లను పైకి పంపుతుంది. చెక్క వంతెన మీంచి చూస్తే చెట్టు చుట్టూ పెన్సిళ్లు గుచ్చినట్టుంటాయి. పోటు తీసినప్పుడు చెట్టు వాటితోనే గాలి పీలుస్తుంది. పీల్చిన ఉప్పును ఆకుల్లోంచి బయటికి నెడుతుంది, ఎండవేళ ఆకుకు నాలుక ఆనిస్తే తెలిసిపోతుంది. తిల్ల చెట్టుతో మాత్రం ఆ సాహసం పనికిరాదు. దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. ఉప్పుపొన్న విత్తనం కొమ్మ మీదే మొలకెత్తి, జానెడు సాగాక గానీ రాలదు.

సందర్శకులు ఇక్కడ తల ఎత్తుకుని, ఫోన్లు ఎత్తుకుని నడుస్తారు. తల వంచి నడవాల్సిన అడవి ఇది.

పోటు తీసిన కాసేపటికి వంతెన కమ్మీ పట్టుకుని కదలకుండా నిలబడాలి. ముందు ఒక కన్నంలోంచి కాడల్లాంటి రెండు కళ్లు లేస్తాయి. తర్వాత పీత బయటికొస్తుంది, వెడల్పు అంగుళమైనా ఉండదు. పసుపుబారి రాలిన మడాకును డెక్కతో పట్టి, వెనక్కి నడుస్తూ కన్నం దగ్గరికి ఈడ్చుకుపోతుంది. ఆకు అడ్డం తిరిగి లోపలికి దిగదు. వదిలేసి, తొడిమ వైపు వచ్చి, మళ్లీ లాగుతుంది. ఈసారి దిగుతుంది. పక్కనే ఇంకో జాతి పీత, మగది, ఒంటికి మించిన ఒక డెక్కను గాలిలో ఊపుతూ ఉంటుంది. ఆడది రెండు డెక్కలా బురద ఎత్తుకుని తింటుంటే దీనికి తిండికి ఒక్కటే మిగిలింది. రెండోది డాబుకు, పోట్లాటకు.

కన్నంలోకి దిగిన ఆకు నీళ్లతో పాటు సముద్రానికి కొట్టుకుపోదు, దాని సారం అడవిలోనే ఉండిపోతుంది. పీత కొంత తింటుంది, కొంత తుంపి వదిలేస్తుంది. ఆ తునకలకు బాక్టీరియా, బూజు పడతాయి. రాలిన ఆకులో కంటే బూజు పట్టిన తునకలోనే మాంసకృత్తుల పాలు ఎక్కువ. రొయ్య పిల్లలు, చిన్న చేపలు మేసేది దాన్నే. పీతలు తవ్విన కన్నాల్లోంచి గాలి, నీరు దిగడంతో బురద గుల్లబారి, వేళ్లకు విషమయ్యే కుళ్లుగుడ్ల వాసన వాయువు తగ్గుతుంది. అలాగని పీతను చెట్టుకు నేస్తమని పొగడనక్కర్లేదు. దొరికితే మొలకల్నీ కొరికేస్తుంది. ఏ మడ ఎక్కడ లేవాలో కొంతవరకు దాని ఆకలే తేలుస్తుంది.

ఈ చిన్న పీతల్ని, గుల్లల్ని తిని బలిసేది మండ పీత. కాకినాడ భోజనప్రియులకు దీన్ని పరిచయం చేయబోతే నవ్వుతారు. మత్స్యకారులు వలబుట్టలో చేపముక్క ఎర పెట్టి పాయల్లో దింపుతారు. పడ్డ పీతను కాలితో అదిమి, డెక్కలు దగ్గరికి నొక్కి, తాడుతో బిగిస్తారు. ఏమరితే వేలు నలిగిపోతుంది. తడి ఆరకుండా చూస్తే నీళ్లలో లేకపోయినా రోజుల తరబడి బతుకుతుంది కనుక ప్రాణంతోనే చెన్నైకి, అక్కణ్నుంచి విదేశాలకు ప్రయాణం కడుతుంది. లోపల గుడ్డు నిండిన ఆడపీతకు గిరాకీ ఎక్కువ, కూర రుచి కూడా అలాంటిదే. చిక్కల్లా అక్కడే. ఆ ఆడపీత మడ వదిలి సముద్రంలోకి వెళ్లి లక్షల్లో పిల్లల్ని వదలాల్సింది. ఆ పిల్లలు అలల మీద తేలుతూ పెరిగి తిరిగి ఇలాంటి బురదకే చేరాలి. దారిలో చేపల నోట పడేవే ఎక్కువ.

పని పీతలదైనా ఈ అడవిలో పేరు మాత్రం చేపలు పట్టే బావురు పిల్లిది. వేళ్ల మధ్య కొంత పొర, నీరు ఒంటికి అంటనివ్వని దట్టమైన లోబొచ్చు. గట్టున మాటువేసి నీళ్లలోకి పంజా విసురుతుంది, అవసరమైతే దూకేస్తుంది. రాత్రి వేటగత్తె కాబట్టి పగలొచ్చినవాళ్లకు బురదలో అడుగులే దక్కుతాయి. నీటికుక్కలు నయం, అప్పుడప్పుడు గుంపుగా పాయల్లో ఈదుతూ కనిపిస్తాయి. ఈ రెండూ చేప మీద బతికేవే. ఆ చేపలో చాలా భాగం ఆకు తునకల చలవే.

1990ల్లో రొయ్యల చెరువులు విరివిగా వెలిసినప్పుడు టైగర్ రొయ్య పిల్ల కోసం ఈ పాయల్లో సన్నకన్ను వలలు లాగారు. కావలసిన పిల్లను ఏరుకుని మిగతా చేపపిల్లల్ని, పీతపిల్లల్ని గట్టున వదిలేసేవారు.  హేచరీలు, ఆపైన వనామీ రొయ్య వచ్చాక ఆ వేట తగ్గింది.

మడల్ని వంటచెరకుకు నరికి, పశువులు మేసి, పోటు నీరు అందక ఉప్పు తేలిన చోట్ల మొక్క నాటినా బతికేది కాదు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, ఊళ్లవాళ్లు కలిసి చేపముల్లు ఆకారంలో కాల్వలు తవ్వి పోటును లోపలికి రప్పించాకే మడ మళ్లీ నిలిచింది. 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్లస్థలాల కోసం మడ నరికిన వివాదం మాత్రం జాతీయ హరిత ట్రైబ్యునల్ మెట్లెక్కింది.

అడవికి ఎదురుగా సముద్రంలో హోప్ ఐలాండ్. గోదావరి ఇసుకను అలలు ఉత్తరానికి నెట్టగా పెరిగిన దిబ్బ, పొడవు సుమారు 16 కిలోమీటర్లు. కాకినాడ రేవుకు అలల దెబ్బ కాచేది ఇదే. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఇక్కడి ఇసుకలో గుడ్లు పెడతాయి.

కార్తీకంలో వనభోజనాల గోలకు పీతలు కన్నం వదలవు, ఆ నెల మానుకోవడం మేలు. పడవ షికారుకు పోటు కావాలి, పీతల్ని చూడాలంటే పోటు తీసి ఉండాలి. రెండింటి వేళలూ రోజురోజుకీ మారుతుంటాయి కనుక బయల్దేరే ముందు కనుక్కోవాలి. భోజనానికి తాళ్లరేవు, యానాం రెండూ దగ్గరే.