పహలే ఆప్

హైదరాబాదు మర్యాద లోకప్రసిద్ధమైనది. గుమ్మం వద్ద ఇద్దరు ఎదురైతే "పహలే ఆప్" అని ఒకరికొకరు దారి ఇచ్చుకొనే తెహజీబును మేము పెద్దల వద్ద నేర్చుకొన్నాము. విద్యార్థులకు దానిని నేర్పుతున్నామని కొంత గర్వించేవారము కూడ. ఆ గర్వం ఒకనాటి ఉదయం అబిడ్స్ కూడలిలో సడలిపోయింది.

మా మొదటి పీరియడుకు ఒక విద్యార్థిని నిత్యమూ ఆలస్యంగా వచ్చేది. హాజరు పిలిచిన పిమ్మట ఎవరినీ లోనికి రానీయరాదన్నది మా నియమం. ఆమె వరండాలో నిలబడి పాఠం వినేది. నూటికి 75 వంతుల హాజరు లేనిదే హాల్‌టికెట్టు రాదు. ఒకనాడు గట్టిగా మందలించగా, "సార్, ఏడున్నరకే ఇల్లు విడుస్తున్నాను" అని మాత్రం అన్నది. మేము నమ్మలేదు.

ఆ వారమే మా స్కూటరు మరమ్మతుకు వెళ్ళడంతో అఫ్జల్‌గంజ్‌లో బస్సు ఎక్కాము. ముందువైపు స్త్రీల మధ్య కడ్డీ పట్టుకొని ఆ అమ్మాయి నిలబడి ఉన్నది. మొజంజాహీ మార్కెట్టు దాటేవరకు బస్సు అడుగులో అడుగు వేసింది. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వద్ద పూర్తిగా ఆగిపోయింది. మేము లెక్కపెట్టాము. బస్సులో 60 మందికి తక్కువ లేరు. చుట్టూ ఉన్న కార్లలో, స్కూటర్ల మీద ఒకరో ఇద్దరో. ఆ ఒక్కరి కోసం ఈ అరవైమంది ఆగి ఉన్నారు. నిన్నటి వరకు ఆ ఒక్కరిలో మేమూ ఒకరమే! చివరకు దిగి నడక సాగించాము. నాంపల్లి చేరేవరకు మా బస్సు మమ్మల్ని అందుకోలేదు. ఆనాడు మేమూ ఆలస్యమే. అయితే మమ్మల్ని ఎవరూ వరండాలో నిలబెట్టలేదు.

2023 డిసెంబరు 9 నుండి మన రాష్ట్రంలో ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ప్రయాణం ఉచితమైనది. టిక్కెట్టుకు రూపాయి అక్కరలేదు. ఆమె చెల్లిస్తున్న మూల్యం కాలం. నాంపల్లికి 2018లో మెట్రో వచ్చింది గాని ఆ పట్టాలు ఆమె బస్తీ మీదుగా పోవు. ఆమెకు బస్సే గతి.

ఈ నగరానికి బస్సు కొత్తది కాదు. 1932లోనే నిజాం రాష్ట్ర రైల్వే వారు 27 బస్సులతో ప్రభుత్వ రవాణాను ప్రారంభించారు. బస్సు పాతదే, దానికంటూ ఒక బాట మాత్రం నేటికీ లేదు. బ్రెజిల్ దేశంలోని కురిటిబా నగరం 1974లో రోడ్డు నడుమ బస్సుకు ప్రత్యేకమైన బాట వేసి లోకానికి దారి చూపింది. మన దేశంలో అహమ్మదాబాదు 2009లో ఆ పద్ధతిని చేపట్టింది. తెలుగునాట విశాఖపట్నంలో పెందుర్తి, సింహాచలం మార్గాలకు కేంద్ర పట్టణ నవీకరణ పథకం కింద ఆమోదం లభించింది.

అయితే ఆమోదంతోనే పని ముగియదు. ఢిల్లీలో 2008లో అంబేద్కర్ నగర్ నుండి మూల్‌చంద్ వరకు 5.8 కిలోమీటర్ల బస్సు బాటను పరీక్షార్థం ఆరంభించారు. ఆ బాటను అన్ని వాహనాలకూ విడువవలెనని కొందరు హైకోర్టుకు వెళ్ళారు. 2012లో న్యాయస్థానం అందుకు అంగీకరించలేదు. అయినను కార్లవారి అసంతృప్తి చల్లారలేదు. 2016లో ఆ బాటను తొలగించారు. నిర్మాణంలో లోపాలు లేకపోలేదు. అయితే ప్రభుత్వం ఆమోదించినా, న్యాయస్థానం సమర్థించినా, పక్కవాడు మనసారా దారి ఇవ్వనిదే బాట నిలువదని మాకు తోస్తున్నది.

విచారించి చూస్తే బస్సు బాట అంటే మరేమీ కాదు. "పహలే ఆప్" అన్న మాటనే రోడ్డు మీద గీతగా గీయడం. గుమ్మం వద్ద ఒక్కరికి దారి ఇచ్చే మనము, కూడలిలో అరవైమందికి ఇవ్వలేకపోతే ఆ మర్యాద నాలుకదే గాని నడతది కాదు.

ప్రియ విద్యార్థులారా! ఏదో ఒకనాడు అబిడ్స్‌లో అట్టి బాటకు ఆమోదం రావచ్చు. ఆనాటికి మీలో కొందరు ఇంజనీర్లు, కొందరు కార్ల యజమానులు అయి ఉంటారు. అప్పుడు పక్క వరుసలో కాసేపు ఆగవలసి వస్తే విసుగుకొనవద్దు. మేమూ మా స్కూటరుతో మీ వెనుకనే ఆగుతాము.

మా తరగతి తలుపు ఇప్పుడు తెరచియే ఉంటున్నది. ఆ అమ్మాయి ఇప్పటికీ ఆలస్యంగానే వస్తున్నది. వచ్చి లోపల కూర్చుంటున్నది.