గోదావరికి ఎదురీదే చేప

బాలలూ! మాది నాగర్‌కర్నూలు జిల్లాలోని తెలకపల్లి. ఇక్కడికి సముద్రం వందల కిలోమీటర్ల దూరం. మా పిల్లల్లో చాలామంది సముద్రాన్ని పటంలో తప్ప చూసి ఎరుగరు. అటువంటి ఊళ్ళో ఉండే పంతులు సముద్రపు చేపను గురించి చెబుతాడేమిటా అనుకుంటున్నారు కదూ? కారణం ఉన్నది, వినండి.

నేను హెడ్మాస్టరు పని చాలించి ఇంటిపట్టున ఉంటున్నాను. సాయంకాలం చెరువుకట్ట మీద నడవటం అలవాటు. ఒకనాడు, తొలకరి వానలు పడిన కొత్తలో, ఇద్దరు పిల్లలు అక్కడ గాలం వేసి కూర్చున్నారు. ఒకడి గాలానికి మూరెడు కొర్రమీను పడింది. వాళ్ళ సంబరం ఇంతా అంతా కాదు. నేను మాత్రం నీళ్ళలోకి చూశాను. గట్టు పక్కన ఎర్రగా ఒక ముద్ద కదులుతున్నది. అవి కొర్రమీను పిల్లలు, వందలకొద్దీ ఉన్నాయి. కొర్రమీను గుడ్లు పెట్టి ఊరుకునే చేప కాదు. పిల్లలు కాస్త పెద్దవయ్యేదాకా కాపలా కాసి, దగ్గరికి వచ్చిన చేపలను తరిమికొడుతుంది. ఇప్పుడు ఆ కాపలా పోయింది. చూస్తూండగానే వేరే చేపలు నాలుగు వైపుల నుంచీ వచ్చి ఆ ఎర్రముద్దను మింగసాగాయి.

గాలం పట్టినవాడు బిక్కమొహం వేసి, "సారూ, నేను పట్టింది ఒక్కటే కద! అన్ని ఎట్ల పోయినయి?" అన్నాడు.

రెండోవాడు, "చెరువు చిన్నది కాబట్టి గిట్లయింది. సముద్రంల అయితే ఎన్ని పట్టినా ఒడవవు. అవునా సారూ?" అన్నాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఆ జవాబు నాకు శ్రావణమాసంలో గోదావరి గట్టున దొరికింది.

హైదరాబాదులో రైలెక్కి రాజమహేంద్రవరంలో దిగాను. అక్కడికి కొద్ది దూరంలోనే ధవళేశ్వరం ఉన్నది. గోదావరి నిండుగా పారుతున్నది. ఎగువన కురిసిన వానలకు మట్టి కొట్టుకు వచ్చి నీళ్ళు ఎర్రబడ్డాయి. అక్కడివారు దీన్ని "ఎర్రనీరు" అంటారు. ఈ ఎర్రనీరు సముద్రంలో కలిసే రోజుల్లోనే ఒక వింత చేప సముద్రాన్ని వదిలి నదిలోకి బయలుదేరుతుంది. అదే పులస.

పులస మనకు తెలిసిన కవళ్ళ చేపకు చుట్టమే. సముద్రంలో ఉన్నంతకాలం దాన్ని విలస అంటారు. గోదావరిలోకి వచ్చాక పులస అంటారు. బెంగాలీలు దాన్నే ఇలిష్ అంటారు. అది అంతర్వేది దగ్గర వశిష్ఠ పాయలోకీ, యానాం దగ్గర గౌతమి పాయలోకీ ప్రవేశించి, వరదకు ఎదురీదుతూ పైకి వస్తుంది. ఎందుకంటారా? దాని గుడ్లు పొదగటానికి మంచినీరు కావాలి. అందుకని తల్లి చేప నదిలోకి వచ్చి లక్షలకొద్దీ గుడ్లు విడుస్తుంది. సుమారు ఒక రోజులో అవి పిల్లలవుతాయి. ఆ పిల్లలు కొన్ని నెలలు నదిలో పెరిగి, జానెడు పొడవు కాకముందే సముద్రానికి దిగిపోతాయి. పెద్దవయ్యాక మళ్ళీ నదికి వస్తాయి.

అయితే ధవళేశ్వరం దగ్గర పులసకు దారి మూసుకుపోతుంది. సర్ ఆర్థర్ కాటన్ ఇక్కడ 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టి 1852లో పూర్తి చేశాడు. దాని స్థానంలో తరువాత పెద్ద బారేజి కట్టారు. ఈ నీళ్ళే లేకపోతే కోనసీమకు అంత పచ్చదనమూ, అన్ని ఇళ్ళకు అన్నమూ లేవు. ఆనకట్టను తప్పు పట్టటానికి లేదు. కాని చేపకు ఆ సంగతి తెలియదు కదా! విదేశాలలో సాల్మన్ అనే చేప నీటి మెట్ల మీదుగా ఎగిరి ఆనకట్టలు దాటుతుంది. పులస ఎంత బలంగా ఈదినా అలా ఎగరలేదు. గంగ మీద 1975లో ఫరక్కా బారేజి వచ్చినప్పుడూ ఇదే జరిగింది. అంతకు పూర్వం ఇలిష్ అలహాబాదు దాకా వెళ్ళేది.

అందువల్ల పులసలన్నీ బారేజి కింది నీళ్ళలోనే తిరుగుతాయి. అక్కడే వలలూ ఉంటాయి. "పుస్తెలమ్మైనా పులస తినాలి" అన్న సామెత మీరు వినే ఉంటారు. ఒక్కొక్క చేప వేల రూపాయలు పలుకుతుంది. గట్టు మీద ఒకాయన అప్పుడే కొన్న పులసను కోయిస్తూంటే చూశాను. కడుపు నిండా గుడ్లే! నాకు మా చెరువులోని ఎర్రముద్ద గుర్తుకు వచ్చింది. అక్కడ పిల్లలకు కాపలా పోయింది, ఇక్కడ పిల్లలు పుట్టనేలేదు.

పక్కనే వల బాగుచేసుకుంటున్న ముసలి జాలరిని, "చేపలకోసం సముద్రంలో వేటకు సెలవు ఇస్తారట కదా?" అని అడిగాను.

"ఇత్తారండి మాస్టారూ, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా," అన్నాడతను.

తూర్పుతీరమంతటా ఆ 61 రోజులూ మరపడవలు వేటకు వెళ్ళకూడదు. ఆ రోజుల్లో చాలా రకాల చేపలు గుడ్లు పెడతాయి. మంచి నియమమే. కాని లెక్క చూడండి. సెలవు జూన్‌లో ముగుస్తుంది. పులస నదికి వచ్చేది జూలై తరువాత. ఆ సెలవు పులసకు అందదు!

"మరి పులస గుడ్లు పెట్టే రోజుల్లో కూడా వల ఆపితే?" అన్నాను.

అతను నవ్వాడు. "ఆపుతామండి. ఇదివరకు పడినన్ని ఇప్పుడు పడటం లేదని మాకు తెలవదా అండీ? కానీ ఆ నాలుగు రోజులూ మా పొయ్యిలో పిల్లి లేవాలి కదండీ! పైగా మేం ఆపితే, మీరు కొనటం ఆపుతారా అండీ?"

నా దగ్గర జవాబు లేదు.

ఒక దేశంవారు మాత్రం దీనికి జవాబు వెతికారు. ఇలిష్ బంగ్లాదేశ్ జాతీయ మత్స్యం. అక్కడ అది తగ్గిపోతూంటే ప్రభుత్వం మూడు పనులు చేసింది. గుడ్లు పెట్టే అక్టోబరు రోజుల్లో 22 రోజులు వేట ఆపించింది. 25 సెంటీమీటర్ల కంటె చిన్న ఇలిష్‌ను నవంబరు నుంచి జూన్ దాకా పట్టకూడదన్నది. వేట లేని రోజుల్లో జాలరి కుటుంబాలకు బియ్యం ఇచ్చింది. 2002-03లో సుమారు రెండు లక్షల టన్నులు దొరికిన ఇలిష్, 2017-18 నాటికి ఐదు లక్షల టన్నులు దాటింది.

పొట్టకోసం పట్టేవారి సంగతి ఇది. మరి మా తెలకపల్లి పిల్లలవలె సరదాకు గాలం వేసేవారి సంగతో? మన కోస్తాలో దొరికే పండుగప్పను ఆస్ట్రేలియాలో బారాముండి అంటారు. అక్కడ దాన్ని వ్యాపారానికీ పడతారు, వేడుకకూ పడతారు. క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో గాలం వేసేవారు కొలబద్ద పెట్టుకుని వెళతారు. 58 సెంటీమీటర్ల కంటె చిన్నది పడితే నీళ్ళలో వదలాలి. 120 సెంటీమీటర్ల కంటె పెద్దది పడినా వదలాలి! పెద్దదాన్నెందుకు వదలటం? పండుగప్ప మొదట మగచేపగా పెరిగి, పెద్దయ్యాక ఆడచేపగా మారుతుంది. బాగా పెద్దవన్నీ తల్లులే!

చూశారా! కొర్రమీను పిల్లలను కాస్తుంది, పులస నదికి ఎదురీదుతుంది, పండుగప్ప తండ్రి నుంచి తల్లిగా మారుతుంది. ఒక చేపకు పనికివచ్చే నియమం మరొక చేపకు పనికిరాదు. ముందు చేప బతుకు తెలుసుకుంటేనే నియమం తోస్తుంది.

ఇంటికి వచ్చి ఆ ఇద్దరు పిల్లలకూ ఇదంతా చెప్పాను. సముద్రమైనా ఒడుస్తుందని రెండోవాడు ఒప్పుకున్నాడు. మొదటివాడు కాసేపు ఆలోచించి, "సారూ, ఎర్రముద్ద కనబడ్డ కాడ గాలం ఎయ్యం. మిగతా పోరగాళ్ళకు గూడ చెప్తం," అన్నాడు.

మా చెరువుకు ఒక నియమం దొరికింది. కాని గోదావరి గట్టున ఆ ముసలి జాలరి వేసిన ప్రశ్న నన్నింకా వదలలేదు. పెద్దయ్యాక మీరైనా దానికి జవాబు చెబుతారా?