రోగి పడక పక్కన

దాదాపు ముప్ఫై ఏళ్ళుగా మదరసా విద్యార్థులకు జనాజా అధ్యాయం బోధిస్తున్నాను. మయ్యిత్‌కు గుసుల్ ఎలా ఇవ్వాలి, పురుషునికి కఫన్ వస్త్రాలు ఎన్ని, స్త్రీకి ఎన్ని, జనాజా నమాజ్‌లో తక్బీర్లు ఎన్ని, అన్నీ కంఠతా వచ్చు. కానీ ప్రాణం పోయిన దేహం పట్ల మన బాధ్యతలు తెలిసిన నాకు, ప్రాణం పోవడానికి ముందుండే రోజులలో ఆ మనిషి పట్ల మన బాధ్యత ఏమిటో తెలియదు. మా పెద్దన్నయ్య మంచాన పడినప్పుడు ఆ అజ్ఞానం బయటపడింది.

మాది చిలకలూరిపేట ప్రాంతం. మా నాన్నగారు, ఆయన తర్వాత అన్నయ్య దూది ఏకి, పరుపులు కుట్టి కుటుంబాన్ని పోషించారు. ఆ కూలి డబ్బుతోనే నేను మదరసాలో చదువుకున్నాను. అన్నయ్యకు అరవై దాటాక క్యాన్సర్ వచ్చింది. అది వెన్నెముకకు పాకిందనీ, ఇక నయం చేయగల వైద్యం లేదనీ గుంటూరులో డాక్టరుగారు చెప్పారు. అయితే నొప్పిని తగ్గించే వైద్యం ఉన్నదంటూ మార్ఫిన్ మాత్రలు రాసిచ్చారు.

ఇక్కడే నేను తప్పు చేశాను. మార్ఫిన్ నల్లమందు నుంచి తీసే ఔషధం. మత్తు పదార్థం కదా అనుకున్నాను. ఆ మత్తులో అన్నయ్య ఆఖరి ఘడియలో కలిమా పలకలేకపోతే ఎలా అని భయపడ్డాను. మాత్రలు బీరువాలో పెట్టి, పడక పక్కన కూర్చుని సహనాన్ని గురించి, వ్యాధి పాపాలను రాల్చివేస్తుందన్న శుభవార్తను గురించి చెప్పసాగాను. చెప్పినవన్నీ సత్యాలే. అన్నయ్య కూడా “నువ్వు చదువుకున్నోడివి, నువ్వెట్టా అంటే అట్టా” అన్నాడు. తొమ్మిది రాత్రులు ఆయన దిండు కొరుకుతూ గడిపాడు.

పదవ రాత్రి మెల్లగా అన్నాడు: “తమ్ముడూ, నువ్వు చెప్పేది నిజమే. కానీ ఈ నొప్పిలో నాకు అల్లాహ్ పేరు కూడా గుర్తుకు రావట్లా.”

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఏ స్మరణను కాపాడాలని మందును దాచానో, ఆ స్మరణను నొప్పే హరించివేసింది. తెల్లవారగానే వృద్ధులైన మా ఉస్తాద్ గారికి ఫోన్ చేశాను. “వైద్యుడు రాశాడా? ఆ నొప్పికి వేరే మందు పనిచేస్తుందా?” అని అడిగారు. పనిచేయడం లేదన్నాను. ఆకలికి ప్రాణం మీదికి వచ్చినవానికి నిషిద్ధాహారం విషయంలోనే అల్లాహ్ సడలింపునిచ్చాడనీ, అనివార్యస్థితిలో నిషేధం సడలుతుందన్న ఫిఖ్హ్ సూత్రం నేను చదువుకున్నదేననీ గుర్తుచేశారు. “ఈ ప్రశ్న మొదటి రాత్రే ఎందుకు అడగలేదు?” అన్నారు. తల దించుకున్నాను.

డాక్టరుగారు చెప్పిన మోతాదులో నాలుగు గంటలకొకసారి మాత్ర, దానితోపాటు మలబద్ధకం రాకుండా మరో మందు వేశాము. రెండవ రోజు సాయంత్రం అన్నయ్య తయమ్ముమ్ కోసం మట్టి తెమ్మన్నాడు. పడుకునే, తల సైగలతో మగ్రిబ్ నమాజ్ చేశాడు. స్పృహ చెదరలేదు. చెదిరిందల్లా నా అపోహే.

ఆ తర్వాతి నెలన్నర నేను విద్యార్థిని, మా వదిన ఉస్తాద్. రెండు గంటలకొకసారి పక్కకు ఒత్తిగిల్లజేయడం, వీపు తడిగుడ్డతో తుడవడం, దూది నీటిలో ముంచి పెదవులు తడపడం ఆమె నేర్పింది. పరుపు గట్టిపడితే పుండ్లు పడతాయని అన్నయ్యే హెచ్చరించేవాడు. మంచం మీది నుంచే దూదిని ఎలా విప్పి ఆరబెట్టాలో చెప్పేవాడు. ఎందరికో మెత్తని పడకలు కుట్టిన మనిషికి నేను కుట్టిన వంకర కుట్ల పరుపు దక్కింది. చూసి నవ్వాడు.

అవి మిరపకాయలు ఆరబోసే రోజులు. కల్లాల ఘాటు గాలిలో తేలివస్తే అన్నయ్యకు దగ్గు, దగ్గితే వెన్నులో పోటు. మిర్చియార్డులో హమాలీగా పనిచేసే పొరుగింటి హిందూ సోదరుడు, మేము అడగకుండానే, తడి గోనెపట్టా తెచ్చి కిటికీకి కట్టాడు. రోజూ పనికి వెళ్ళేముందు వచ్చి దాన్ని తడిపి, అన్నయ్యను రెండు చేతుల మీద లేపి పక్క మార్చేవాడు. తనకు సేవచేసే యూదు బాలుడు జబ్బుపడితే దైవప్రవక్త (స) స్వయంగా వెళ్ళి అతని తల వద్ద కూర్చున్నారన్న హదీసును నేను ఎన్నోసార్లు బోధించాను. దాని అర్థం ఆ గోనెపట్టా దగ్గర బోధపడింది.

బద్ర్ యుద్ధ సమయంలో హజ్రత్ ఉస్మాన్ (రజి) మదీనాలోనే ఉండిపోయారు. జబ్బుపడిన భార్య, ప్రవక్త కుమార్తె హజ్రత్ రుఖయ్యా (రజి)కు సేవచేయడానికి ప్రవక్త (స)యే ఆయనను ఆపారు. ఆమె కోలుకోలేదు. అయినా బద్ర్‌లో పాల్గొన్నవారితో సమానమైన ప్రతిఫలం, వాటా ఆయనకు లభించాయి. గమనించండి, రోగి బ్రతకనంత మాత్రాన సేవ వ్యర్థం కాలేదు.

చివరి రాత్రి అన్నయ్య చెవి దగ్గర కలిమా ఒక్కసారి మెల్లగా పలికాను. ఆయన పెదవులు కదిలాయి. మళ్ళీ పలకలేదు. మరణాసన్నుణ్ణి పదేపదే పలకమని ఒత్తిడి చేయరాదని, బాధలో విసుగు కలిగించరాదని మన పండితులు హెచ్చరించారు. చేయి పట్టుకుని కూర్చున్నాను. ఫజ్ర్‌కు ముందు వెళ్ళిపోయాడు.

కేరళలో, కోజికోడ్‌లో 1993లోనే ఉపశమన వైద్యానికి ఒక సొసైటీ ఏర్పడింది. అక్కడ సామాన్యులే శిక్షణ పొంది ఇంటింటికీ వెళ్ళి ఇలాంటి రోగులకు సేవచేస్తున్నారు. హైదరాబాదులో 2011లో ప్రారంభమైన స్పర్శ్ హాస్పిస్ అవసానదశ రోగులను ఉచితంగా చూసుకుంటోంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల మార్ఫిన్ దొరకడం కష్టమైతే, 2014లో చట్టాన్ని సవరించి వైద్య అవసరాలకు నిబంధనలు సడలించారు. చట్టం సడలినా, నాబోటివారి మనసులలో ముడి సడలకపోతే రోగికి ఏమి లాభం?

ఇప్పుడు జనాజా అధ్యాయం ప్రారంభించే ముందు విద్యార్థులను మంచాన పడిన ఒక రోగి ఇంటికి తీసుకువెళుతున్నాను. పక్క మార్చడం, పెదవులు తడపడం, ఉపన్యసించకుండా కూర్చోవడం నేర్పిన తర్వాతే గ్రంథం తెరుస్తాను. మీ ఇంట్లోనూ అలాంటి రోగి ఉంటే సహనబోధకు ముందు ఆయన నొప్పి ఎంత ఉన్నదో అడగండి, వైద్యునికి చెప్పండి.

ఆ తొమ్మిది రాత్రులను నేను వెనక్కి తేలేను. వాటికి అల్లాహ్ మా అన్నయ్యకు ఉత్తమ ప్రతిఫలం ప్రసాదించుగాక, నన్ను క్షమించుగాక. ఆమీన్.